పెన్షన్ అమ్మకానికి అంత తొందరెందుకు?

రిటైర్మెంటుకు మూడు నెలల ముందు మా మిత్రుడొకరు పెన్షన్ కాగితాల మీద సంతకాలు పెడుతుంటే పక్కనే ఉన్నాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. సెక్షన్ గుమాస్తా పేజీ తిప్పడం, పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టినచోట వేలు ఆనించి ‘ఇక్కడ సార్’ అనడం, ఈయన గీకడం. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. ఒక పేజీలో కమ్యుటేషన్ శాతం అన్న గడిలో 40 అని అప్పటికే రాసి ఉంది. ఎవరు రాశారని అడిగాను. ‘అందరూ అంతే పెడతారు సార్, పైగా టాక్స్ ఉండదు’ అన్నాడు గుమాస్తా. స్టేషనరీ ఇండెంట్ మీద కూడా రెండుసార్లు చదివితేగాని సంతకం పెట్టని మనిషి, పదిహేనేళ్లపాటు నెలనెలా తన పెన్షన్‌కు కోత పెట్టే కాగితం మీద మాత్రం చదవకుండా పెట్టేశారు.

ఉద్యోగుల నోట ఈ కమ్యుటేషన్‌కు ‘పెన్షన్ అమ్ముకోవడం’ అనే మాట ఉంది. నియమాల భాషకన్నా నిజానికి దగ్గరైన మాట అదే. బేసిక్ పెన్షన్‌లో 40 శాతం దాకా వదులుకుంటే దాని విలువ ఒకేసారి చేతికిస్తారు. ప్రభుత్వోద్యోగికి ఆ సొమ్ము మీద ఆదాయపు పన్ను అసలు లేదు. వదులుకున్న భాగం పదిహేనేళ్ల తర్వాత తిరిగి పెన్షన్‌లో కలుస్తుంది.

లెక్క వేసి చూద్దాం. బేసిక్ పెన్షన్ 40,000 రూపాయలు. అందులో 40 శాతం, అంటే 16,000 అమ్మారు. అరవై ఏళ్లకు రిటైరైన వ్యక్తికి తర్వాత వచ్చే పుట్టినరోజు అరవై ఒకటోది కాబట్టి కేంద్రం కమ్యుటేషన్ పట్టికలో గుణకం 8.194. పదహారు వేలను పన్నెండుతోనూ, మళ్లీ ఆ గుణకంతోనూ హెచ్చిస్తే 15,73,248 రూపాయలు. పదిహేనేళ్లలో కోత పడేది 28,80,000. ఈ కోతనే నెలవారీ వాయిదా అనుకుంటే, ఏడాదికి ఇంచుమించు 9 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నట్టు తేలుతుంది.

‘తీసుకుని డిపాజిట్ చేసుకుంటే సరి’ అని చాలామంది అంటారు. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 2023 ఏప్రిల్ నుంచి ఇస్తున్నది 8.2 శాతం. పదిహేనేళ్లూ అదే వడ్డీ దొరుకుతుందనే అనుకుందాం. పెన్షన్‌లో తగ్గిన పదహారు వేలను ప్రతి నెలా అందులోంచి తీసుకుంటూ పోతే, ఆ డబ్బు పదమూడేళ్ల ఎనిమిది నెలలకు అటూఇటుగా అడుగంటుతుంది. మిగిలిన పదహారు నెలలు కోత మాత్రం ఆగదు. డిపాజిట్ వడ్డీ కోసమే పెన్షన్ అమ్మడమంటే, తొమ్మిదికి తెచ్చి ఎనిమిదికి తిప్పడం.

అలాగని ఇది మామూలు అప్పూ కాదు. పెన్షనరు మధ్యలో కన్నుమూస్తే బాకీ అక్కడితో రద్దవుతుంది. భార్యకో భర్తకో వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌లోంచి ఒక్క రూపాయి పట్టుకోరు. డియర్‌నెస్ రిలీఫ్ (డీఆర్) కూడా కోతకు ముందున్న పూర్తి పెన్షన్ మీదే కడతారు. పై ఉదాహరణలో ఇచ్చిన సొమ్ము వడ్డీ లేకుండా తిరిగి వసూలు కావడానికే ఎనిమిదేళ్ల రెండు నెలలు పడుతుంది. ఆరోగ్యం నమ్మకంగా లేనివాళ్లకు ఇది లాభసాటి బేరం. ఇంట్లో ఈ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు. ‘నేను డెబ్భై ఐదు దాకా ఉంటానా’ అని భోజనాల దగ్గర ఎవరు చర్చిస్తారు? కానీ అసలు ప్రశ్న అదే. పన్ను గురించి మాట్లాడుకోవడం తేలిక కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటాం.

ఆ పన్ను వాదనలో ఇప్పుడు పస లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో పన్నెండు లక్షల వరకు ఆదాయానికి పన్ను పడదు. పెన్షనరుకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ అదనం. నలభై వేల బేసిక్ ఉన్న వ్యక్తికి డీఆర్ 60 శాతం కలిపినా ఏడాదికి ఏడు లక్షల అరవై ఎనిమిది వేలే. ఇతర ఆదాయం పెద్దగా లేకపోతే నెలనెలా తీసుకున్నా పన్ను లేదు, ఒకేసారి తీసుకున్నా లేదు. కట్టనవసరం లేని పన్నును తప్పించుకోవడానికి 9 శాతం ఖర్చు పెట్టుకుంటున్నాం. పెద్ద హోదాల్లో రిటైరై, పన్ను పరిధిలో నిలిచేవాళ్ల లెక్క వేరు. కోత పడిన పెన్షన్ మీద పన్ను కూడా తగ్గుతుంది కాబట్టి వాళ్లకు గిట్టుబాటు కావచ్చు.

చాలామందికి తెలియనిది గడువు సంగతి. కేంద్ర ఉద్యోగి మామూలుగా పదవీ విరమణ చేస్తే, వైద్య పరీక్ష అవసరం లేకుండా కమ్యుటేషన్‌కు ఏడాదిలోగా ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. వయసు లెక్క తర్వాతి పుట్టినరోజుదే కాబట్టి, అది దాటనంత వరకు గుణకం మారదు. దాటితే 8.093 అవుతుంది. మన ఉదాహరణలో తేడా పందొమ్మిది వేల చిల్లర. అంటే శాలువా కప్పించుకున్న రోజునే తేల్చేయాల్సిన పని కాదిది. గ్రాట్యుటీ, జీపీఎఫ్, లీవు డబ్బులు చేతికొచ్చాక, అవి దేనికి సరిపోయాయో దేనికి చాలలేదో చూసి అడగొచ్చు. 40 అనేది పైహద్దు. పది అడగొచ్చు, ఇరవై అడగొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుండాలి. సొమ్ము తీసుకున్నాక తిరిగి కట్టేస్తానంటే కుదరదు.

రాష్ట్ర ఉద్యోగులకు ఇంకో చిక్కుంది. తెలంగాణలో 2024 మార్చి తర్వాత రిటైరైనవాళ్లలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము కోసం నెలల తరబడి తిరిగారు, కొందరు హైకోర్టుకు వెళ్లారు. ఆ డబ్బు వస్తుందని అమ్మాయి పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నవాళ్ల అవస్థ ఊహించుకోవచ్చు. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన, కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం (సీపీఎస్) కిందికి వచ్చేవాళ్లకు ఈ చర్చే వర్తించదు. వాళ్లది మార్కెట్‌లో ఉన్న నిధి, దాని లెక్కలు వేరు.

ఇక ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటుంది. పదిహేనేళ్ల గడువు 1986లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది. అప్పటి పట్టికను 4.75 శాతం వడ్డీ మీద కట్టారు. అరవై ఒకటికి గుణకం 9.81. ఆరో వేతన సంఘం తర్వాత 2008లో 8 శాతం మీద కొత్త పట్టిక తెచ్చి గుణకాన్ని 8.194కు దించారు. అదే పదహారు వేలకు పాత పట్టికలో 18,83,520 వచ్చేది. చేతికిచ్చేది మూడు లక్షలు తగ్గింది, వసూలు చేసే ఏళ్లు ఒక్కటీ తగ్గలేదు. పాత పట్టికలో పెన్షనరు మీద పడే వడ్డీ దాదాపు 6 శాతం, ఇప్పుడు 9. బ్యాంకు వడ్డీలు దిగివచ్చినా పట్టిక అక్కడే ఉంది.

వదులుకున్న భాగాన్ని పన్నెండేళ్లకే పునరుద్ధరించాలని ఐదో వేతన సంఘమే సిఫార్సు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. కేరళ తన పెన్షనర్లకు పన్నెండేళ్లకే ఇస్తోంది. ఈ వసూలు మీద కోర్టుకెక్కినవారి పిటిషన్లను 2024లో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. న్యాయస్థానాల్లో ఈ దారి ఇరుకు, సర్దాల్సింది ప్రభుత్వాలే. గడువును పన్నెండేళ్లకు తగ్గించాలి, లేదా గుణకం పెంచాలి. రెండూ చేయకుండా దీన్ని ఉద్యోగికి ఇచ్చే సౌకర్యమని చెప్పుకోవడం సరికాదు.

అంతవరకు నా అభిప్రాయం ఇది. 12 శాతానికో పైనో తెచ్చిన పర్సనల్ లోన్ నెత్తిమీద ఉంటే కమ్యుటేషన్ తీసుకుని తీర్చేయండి. జబ్బు వెంటాడుతుంటే, మీమీద ఆధారపడిన మనిషి ఉంటే తీసుకోండి. కొడుకు ఫ్లాటుకు అడ్వాన్సు కోసమో, ఊరి చివర వెంచర్‌లో ప్లాటు కోసమో అయితే ఆరు నెలలు ఆగండి. ఆగినంతలో ఆ ఫ్లాట్లూ ప్లాట్లూ ఎక్కడికీ పోవు.

ఇప్పటికే అమ్ముకున్నవాళ్లు ఇవాళే పెన్షన్ పేమెంట్ ఆర్డర్ (పీపీవో) తీసి, కమ్యుటేషన్ కోత మొదలైన తేదీ చూసి, దానికి పదిహేనేళ్లు కలిపి ఇంట్లోవాళ్లకు కనబడేచోట రాసిపెట్టండి. ఆ నెల వచ్చాక పెన్షన్ పెరగకపోతే బ్యాంకులోనో ట్రెజరీలోనో అడగాల్సింది మీరే.