కెమెరా కొనే ముందు మీ కుర్చీ ఎక్కడుందో చూసుకోండి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన క్యాంపస్‌లలో యాన్యువల్ డే, స్పోర్ట్స్ డే, సంక్రాంతి సంబరాలు వరసగా వస్తాయి. పత్తి డబ్బులు చేతికి అందేది, మిర్చి కోతలు మొదలయ్యేది కూడా ఈ రోజుల్లోనే. అందుకే జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ చాలా ఇళ్లలో "ఈసారైనా ఒక మంచి కెమెరా కొందాం" అనే మాట ఇప్పుడే వినిపిస్తుంది.

విజయవాడలో ఏ దుకాణానికి వెళ్లినా రెండు రకాలు ముందు పెడతారు. ఒకటి లెన్సులు మార్చుకునే వీలున్న ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్. కెనాన్ ఆర్50, నికాన్ జెడ్30 ఈ రకం. రెండోది, ఉన్న ఒక్క లెన్సుతోనే ఎంతో దూరం లాగే సూపర్‌జూమ్. కెనాన్ ఎస్‌ఎక్స్740 జేబులో పడుతుంది, నికాన్ పీ950 కిలో బరువుంటుంది, రెండూ ఈ కోవలోవే. ఏది కొన్నా అర లక్షకు అటో ఇటో అవుతుంది. పిల్లల టర్మ్ ఫీజు పక్కన పెట్టి ఆలోచించాల్సిన డబ్బు అది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనలో ఎక్కువ కుటుంబాలకు మిర్రర్‌లెస్సే మంచిది. అయితే దానికొక షరతు ఉంది. కొందరికి సూపర్‌జూమే మేలు. ఇంకొందరికి రెండూ అక్కర్లేదు. ఎవరికి ఏది అన్నది డబ్బా మీద అంకె తేల్చదు. మీరు ఎక్కడ కూర్చుని, ఏ వెలుతురులో, ఎవరిని తీయబోతున్నారన్నదే తేలుస్తుంది.

40 ఎక్స్ అంటే ఏమిటి?

40 ఎక్స్ అంటే నలభై రెట్లు దూరం కనబడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఆ లెన్సు పట్టే అతి వెడల్పు దృశ్యానికి, అతి దగ్గరి దృశ్యానికి మధ్య ఉన్న నిష్పత్తి. ఎస్‌ఎక్స్740 లెన్సు 24 నుంచి 960 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. 960ని 24తో భాగిస్తే 40 వస్తుంది. ఆర్50తో పాటు వచ్చే 18-45 కిట్ లెన్సు ఇదే లెక్కలో రెండున్నర ఎక్స్ మాత్రమే. కౌంటర్ మీద పక్కపక్కన పెడితే 40 ముందు రెండున్నర వెలవెలబోవడం సహజం.

యాన్యువల్ డే రోజు మీ కుర్చీ వేదికకు 20 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కిట్ లెన్సును చివరిదాకా జూమ్ చేసినా ఫ్రేములో సుమారు 10 మీటర్ల వెడల్పు పడుతుంది. అంటే దాదాపు వేదిక మొత్తం వస్తుంది, అందులో మీ పాప ఎక్కడుందో వెతుక్కోవాలి. సూపర్‌జూమ్‌ను చివరిదాకా లాగితే ముప్పావు మీటరు వెడల్పే పడుతుంది. పాప ముఖం, చెవి జుంకాలు నిండుగా కనబడతాయి. ఇక పోటీ ఏముంది అనిపిస్తుంది. కానీ ఇది పగటిపూట చెల్లే లెక్క. మన యాన్యువల్ డే దీపాలు పెట్టాకే మొదలవుతుంది.

చెంబు, గంగాళం

కెమెరాలో బొమ్మ పడే పలకను సెన్సర్ అంటారు. మామూలు సూపర్‌జూమ్‌లలో అది సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాదాపు కందిగింజంత. ఆర్50లో అది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల ఎత్తు. చిన్న తపాలా బిళ్లంత. విస్తీర్ణంలో చూస్తే దాదాపు 12 రెట్లు.

ఒకే వానలో వాకిట్లో చెంబును, గంగాళాన్ని పెట్టామనుకోండి. వాన ఒకటే అయినా పట్టే నీళ్లు వేరు. ఎండలో, అంటే కుండపోత వానలో, చెంబు కూడా నిమిషాల్లో నిండుతుంది. వేదిక మీద దీపాల వెలుతురు సన్నటి జల్లు. అప్పుడే గంగాళం విలువ తెలుస్తుంది.

నాట్యం చేసే పిల్లల చేతులు చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు సమయంలోనైనా తెరుచుకుని మూసుకోవాలి. అంత కొద్ది సమయంలో చిన్న సెన్సర్‌కు, అందులోనూ చివరిదాకా జూమ్ లాగినప్పుడు, అందే వెలుతురు చాలదు. అప్పుడు కెమెరా రెండింటిలో ఒకటి చేస్తుంది. సెన్సర్ సంకేతాన్ని బలవంతంగా పెంచితే ముఖం మీద ఇసుక చల్లినట్టు మచ్చలు వస్తాయి. షట్టర్ వేగం తగ్గిస్తే చేతులు పొగలా అలుక్కుపోతాయి. డబ్బా మీద రాసే ఇమేజ్ స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుందే గాని పాప కదలికను ఆపదు.

మరో సంగతి. ఇవాళ మంచి ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్, మామూలు సూపర్‌జూమ్ సెన్సర్ కంటే పెద్దదే. అంటే రాత్రిపూట దగ్గరి మనిషిని తీయడానికి సూపర్‌జూమ్ కొంటే, జేబులో ఉన్నదానికంటే చిన్న చెంబుకు డబ్బు పెట్టినట్టే.

నా షరతు

కిట్ లెన్సు కూడా ఈ పరీక్షలో అత్తెసరు మార్కులతోనే గట్టెక్కుతుంది. దాని అపర్చర్ జూమ్ చివర ఎఫ్/6.3. మిర్రర్‌లెస్ కొని కిట్ లెన్సుతో ఆగిపోయేవారికి నేను ఆ కెమెరా కొనమని చెప్పను. బడ్జెట్‌లో 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సుకు ముందే చోటు పెట్టుకోండి. లెన్సుల్లో చవకైన వాటిలో అదొకటి. ఎఫ్/6.3తో పోలిస్తే ఎఫ్/1.8 మళ్లీ 12 రెట్ల వెలుతురు లోపలికి రానిస్తుంది.

ఈ లెన్సుకు జూమ్ లేదు కదా అంటారు. 20 మీటర్ల నుంచి ఆర్50 మీద ఇది 9 మీటర్ల వెడల్పు పడుతుంది. ఆ బొమ్మ అడ్డంగా 6,000 పిక్సెళ్లు. మీ పాప ఉన్న 3 మీటర్ల భాగాన్ని మాత్రమే కత్తిరించుకుంటే 2,000 పిక్సెళ్లు మిగులుతాయి. స్టూడియోలో 4×6 ప్రింటు నాణ్యంగా రావడానికి 1,800 చాలు. మచ్చలతో నిండిన పెద్ద ముఖం కంటే, కత్తిరించినా తేటగా ఉన్న బొమ్మ మేలు.

బడి యాజమాన్యానికి కూడా ఈ సందర్భంలో ఒక మనవి. 20 మీటర్ల నుంచి 10 మీటర్లకు జరిగితే పైసా ఖర్చు లేకుండా జూమ్ రెట్టింపు అవుతుంది. వేదికకు ఒక పక్కన చిన్న చోటు వదిలి, ఏ పాట నడుస్తుంటే ఆ పాటలో ఉన్న పిల్లల తల్లిదండ్రులను మాత్రమే ఆ కాసేపు అక్కడ నిలబడనివ్వండి. ముందు వరసలన్నీ అతిథులకే వదిలేస్తే వెనకవాళ్లు లేచి ఫోన్లు ఎత్తుతారు, వాళ్ల వెనకవాళ్లకు ఫోన్లే కనబడతాయి. ఏ కెమెరా కొన్నా ఈ ఇబ్బంది తీరదు.

సూపర్‌జూమ్ గెలిచే చోటు

స్పోర్ట్స్ డే మధ్యాహ్నం సంగతి వేరు. ఎండ కావలసినంత ఉంటుంది, తాడు దాటి లోపలికి వెళ్లనివ్వరు. 60 మీటర్ల అవతల పరుగెత్తే పిల్లవాణ్ని సూపర్‌జూమ్ రెండుంబావు మీటర్ల ఫ్రేములో నిండుగా పట్టేస్తుంది. మిర్రర్‌లెస్‌కు 55-210 లెన్సు విడిగా కొన్నా అక్కడ ఆరు మీటర్లకు పైగానే పడుతుంది.

పక్షుల మీద ఇష్టం ఉన్న పిల్లలున్న ఇంటికి కూడా నేను సూపర్‌జూమే చెబుతాను. మునేరు ఇసుక మీద కొంగలు, వేదాద్రి దగ్గర కృష్ణ మీదుగా ఎగిరే పిట్టలు, సెలవుల్లో కొల్లేరు వెళ్తే ఆటపాకలో గూడబాతులు మన దగ్గరికి రావు. 2,000 మిల్లీమీటర్ల దాకా వెళ్లే పీ950 లాంటిది మిర్రర్‌లెస్‌లో కావాలంటే ఒక్క లెన్సుకే కెమెరాకు మించిన డబ్బు పెట్టాలి. ఆ పిల్లల చేతికి మిర్రర్‌లెస్, కిట్ లెన్సు ఇస్తే నెల తిరక్కుండానే అలమారలో పెట్టేస్తారు.

దుమ్ము మాట కూడా చెప్పుకోవాలి. మనది మెట్ట ప్రాంతం. మట్టి రోడ్లు, సిమెంటు లారీలు, మిర్చి కల్లాలు ఉన్నచోట లెన్సు విప్పి మార్చడం మంచిది కాదు. లెన్సు విప్పనక్కర్లేకపోవడం సూపర్‌జూమ్‌కు ఒక మెరుగు. అయితే లోపలికీ బయటికీ జరిగే దాని లెన్సు సందుల్లోంచి దుమ్ము చేరితే ఇంట్లో తుడుచుకోలేం, సర్వీస్ సెంటరుకే పంపాలి. మిర్రర్‌లెస్‌కు ఇంట్లో ఫ్యాన్ ఆపి, కెమెరాను కిందికి వంచి లెన్సు మారిస్తే సగం బాధ తప్పుతుంది.

మనకు ఎక్కువగా కావలసిన బొమ్మలు

ఇక్కడే నేను మిర్రర్‌లెస్ వైపు మొగ్గుతాను. ఏడాదిలో స్పోర్ట్స్ డే ఒక్క రోజు. మిగతా రోజుల్లో మనకు కావలసిన మనుషులు దగ్గర్లోనే ఉంటారు, వెలుతురే తక్కువ.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి విగ్రహాలు రంగుల ఉత్సవానికి జగ్గయ్యపేట వచ్చినప్పుడు చూడండి. బజారు నిండా జనం, ట్యూబులైట్లు, సీరియల్ సెట్లు, డప్పులు. మనం తీయాలనుకునేది నాలుగడుగుల దూరంలో, నాన్న భుజమెక్కి చూస్తున్న చిన్నవాడి ముఖం. అక్కడ 40 ఎక్స్‌తో పనిలేదు, వెలుతురు కావాలి. పెళ్లిలో తెల్లవారుజాము ముహూర్తం, అన్నప్రాసన, వరండాలో అక్షరాభ్యాసం, అన్నీ ఇలాంటివే.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు కాలం చేసినప్పుడు ఫ్లెక్సీకి ఫోటో కావాలంటారు. అప్పుడు అందరూ ఫోన్లు వెతుకుతారు. చివరికి ఆధార్ కార్డు మీద బొమ్మో, ఎవరిదో పెళ్లి గుంపులోంచి కత్తిరించిన ముఖమో దొరుకుతుంది. దాన్ని పెద్దది చేసి, వెనక నీలిరంగు పూసి, దండ అతికిస్తారు. జీవితమంతా మనతో గడిపిన మనిషి మనవలకు ఆ ఒక్క మసక బొమ్మగా మిగిలిపోతారు. తాతయ్యను వాకిలి పక్కన వాలుకుర్చీలో కూర్చోబెట్టి, పక్కనుంచి ఉదయపు వెలుతురు ముఖం మీద పడేలా చూసి, 50 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే గోడకు పెట్టుకునేంత బొమ్మ వస్తుంది. అర లక్ష ఖర్చుకు ఇంతకంటే గట్టి కారణం నాకు తోచదు.

పిల్లల చేతికి ఇవ్వండి

కెమెరా కొన్నాక దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఏడో తరగతి దాటిన పిల్లల చేతికి దాన్ని ఇవ్వవచ్చు. మెడ పట్టీ తగిలించుకోవడం ఒక్కటే నియమం పెట్టండి. అపర్చర్ పెంచితే వెనక గోడ మసకబారడం, తగ్గిస్తే తేటపడడం పెద్ద సెన్సర్ మీద కంటికి కనిపిస్తుంది. చిన్న సెన్సర్ మీద ఆ తేడా మామూలుగా తెలియదు. పదో తరగతిలో కటకాల పాఠం వచ్చేసరికి నాభ్యంతరం అన్న మాట వాళ్లకు కొత్తగా ఉండదు.

పని కూడా ఊళ్లోనే ఉంది. జగ్గయ్యపేట ధనం బోడు స్తూపం మీద, అమరావతి స్తూపం మీద కలిపి జేమ్స్ బర్జెస్ 1887లో బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. ఇక్కడి శిల్పాల్లో ముఖ్యమైనవి చెన్నై మ్యూజియానికి చేరాయి. కాబట్టి అప్పుడు ఎవరో ఓపికగా నమోదు చేసిన బొమ్మలే ఈ ఊరి చరిత్రకు పెద్ద ఆధారం. మన పిల్లలు ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, ఆ దిబ్బను తీసి తేదీ రాసి పెడితే సోషల్ ప్రాజెక్టుకు అంతకంటే ఏం కావాలి?

కొనే ముందు నాలుగు ప్రశ్నలు

1. పోయిన ఏడాది మీరు తీయలేక బాధపడిన బొమ్మలు ఐదు రాయండి. అవి దూరం వల్ల పోయాయా, చీకటి వల్ల పోయాయా? దూరమైతే సూపర్‌జూమ్, చీకటైతే మిర్రర్‌లెస్.

2. రెండో లెన్సుకు ఇప్పుడు గాని, ఆరు నెలల్లో గాని డబ్బు పెట్టగలరా? లేకపోతే మిర్రర్‌లెస్ వాయిదా వేయండి, ఫోన్ చాలు.

3. ఇంట్లో దాన్ని వారానికొకసారైనా వాడే మనిషి ఎవరు? పేరు చెప్పలేకపోతే రెండూ కొనకండి.

4. దుకాణంలో మెరిసే దీపాల కింద కాకుండా, షట్టర్ పక్కన నీడలో నడుస్తున్న మనిషిని రెండు కెమెరాలతోనూ తీయనిస్తారా? ఆ రెండు బొమ్మలను పెద్దవి చేసి చూసుకుంటే ఈ వ్యాసంతో కూడా పనిలేదు.

ఏది కొన్నా, తీసిన బొమ్మలను వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి. పంపేటప్పుడు అది బొమ్మను కుదిస్తుంది, మామూలుగా పంపినదాన్ని తర్వాత పెద్ద ప్రింటు వేయలేం. అసలు ఫైళ్లను రెండు చోట్ల దాచండి. ఏడాదికి పాతిక బొమ్మలు ఎంచుకుని 4×6 ప్రింట్లు వేయించి, వెనక పేర్లు, తేదీ పెన్నుతో రాయండి. తాతయ్య బొమ్మ కొంచెం పెద్దది వేయించి ఆయన చేతికే ఇవ్వండి.