చేప లేని చేప ఎవరి కోసం?

ఆ మధ్య మా సైన్సు మాస్టారు ఒక విషయం చెప్పారు. విదేశాల్లో మొక్కలతోనే చేపలు, రొయ్యలు తయారు చేస్తున్నారట. 2020లో నెస్లే కంపెనీ స్విట్జర్లాండులో బఠానీ ప్రొటీనుతో ట్యూనా చేపలాంటి పదార్థాన్ని అమ్మకానికి పెట్టింది. మరికొన్ని కంపెనీలు కొంజాక్ అనే దుంప పిండితో రొయ్యలు చేస్తున్నాయి. ఆ దుంప మన కంద జాతిదే. క్లాసులో అందరూ సంబరపడ్డారు. నాకు మాత్రం సందేహాలు కలిగాయి.

మా అమ్మ రొయ్యల ప్లాంటులో రొయ్యలు వలిచే పని చేస్తుంది. ఆమె కూలి పోతుందనే భయంతో ఇలా రాస్తున్నానని మీరనుకోవచ్చు. ఆ భయం ఉన్నమాట నిజమే. కానీ అదొక్కటే కాదు.

100 గ్రాముల రొయ్యల్లో సుమారు 20 గ్రాముల ప్రొటీను ఉంటుంది. కొంజాక్‌లో ఉండేది ఎక్కువగా పీచు పదార్థమే. బఠానీ, సోయాతో చేసినవి కొంత నయం. అయినా చేపల్లో సహజంగా ఉండే బి12 విటమిను వాటిలో విడిగా కలిపితేనే ఉంటుంది. పేరు చేప అయినంత మాత్రాన బలం వస్తుందా?

ఇక ధర సంగతి. మన హాస్టల్లో మీల్‌మేకర్ కూర తింటున్నాం. ఎండు మీల్‌మేకర్‌లో 100 గ్రాములకు 50 గ్రాముల దాకా ప్రొటీను ఉంటుంది. చేప తిననివారికి అది చాలదా? అదే సోయాకు చేప వేషం వేస్తే ఆ రంగు, వాసన, ప్యాకింగు ఖర్చంతా తినేవాడి మీదే పడుతుంది.

సముద్రాన్ని కాపాడాలంటారు. నిజమే, కాపాడాలి. అందుకే మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతున్నారు. రొయ్యల చెరువుల ఉప్పునీటితో పక్క పొలాలు పాడవుతున్నాయి. దానికి మందు చెరువు గట్టు మీదే వెతకాలి గాని ప్యాకెట్లో కాదు.

అమ్మ వలిచిన రొయ్యలు అమెరికా వెళ్తాయి. మా ఇంట్లో వండేది ఎండు నెత్తళ్లే. చేపల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌ది. అయినా మన హాస్టల్ మెనూలో చేప లేదు. చేప లేని చేప గురించి తర్వాత ఆలోచిద్దాం. ముందుగా, తినేవారికి నెలకొకసారైనా అసలు చేపల కూర పెట్టించాలని పెద్దలను కోరుతున్నాను.

- పదవ తరగతి విద్యార్థి