జాయింటు ఎక్కడుందో చూశారా?

తిరుచానూరు పద్మావతీ అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలకూ ఈశాన్య రుతుపవనాలకూ ముహూర్తం ఇంచుమించు ఒక్కటే. 2024లో ఉత్సవాలు నవంబరు 28న మొదలయ్యాయి. 30వ తేదీ రాత్రికి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అంతకు మూడేళ్ల ముందు అదే నెలలో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులయ్యాయి. దీపావళి, కార్తీకం, క్రిస్మస్ నక్షత్రాలు... ఈ సీమలో దీపాల పండగలన్నీ గొడుగుల కాలంలోనే. చవితి నాడు మొదలై 21 రోజులు సాగే కాణిపాకం ఉత్సవాలూ వానను తప్పించుకోలేవు.

టీటీడీకి విద్యుత్ విభాగం ఉంది, ఇంజినీర్లున్నారు. సందు మొదట్లో పందిరి వేసిన కుర్రాళ్లకు ఎవరున్నారు? అద్దెకు తెచ్చిన సీరియల్ సెట్లు, ఒక టేపు చుట్ట, నిచ్చెన ఎక్కడానికి జంకని ఒకడు. అంతే.

వానలో ముప్పు తెచ్చేది చాలాసార్లు బల్బు కాదు, జాయింటు. సెట్టు పెట్టె మీద ఐపీ 44 అని ఉంటే నాలుగు వైపుల నుంచీ చిమ్మే నీటిని తట్టుకుంటుందని అర్థం. ఐపీ 65 అయితే పైపుతో కొట్టినంత ధారనూ ఓర్చుకుంటుంది. అయితే పొడవు చాలలేదని మధ్యలో తీగ కోసి, మెలేసి, టేపు చుట్టిన క్షణానే ఆ అంకె చెల్లిపోతుంది. టేపు తడికి జిగురు వదులుతుంది. ఆ జాయింటు ఇనుప బారికేడు మీద పడిందంటే, దాన్ని పట్టుకుని ఊరేగింపు చూసే వాళ్లందరికీ కరెంటు అందుబాటులో ఉన్నట్టే. స్విచ్‌బోర్డు సంగతీ అంతే. పైనుంచి వచ్చే తీగ తిన్నగా ప్లగ్గులోకి దిగితే వాననీరు దాని వెంటే లోపలికి జారుతుంది. ప్లగ్గుకు ముందు తీగను కాస్త కిందికి వేలాడనిస్తే నీరు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతుంది. పైసా ఖర్చులేని పని.

ఖర్చుండే పని ఒకటుంది, అది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూస్తుందది. 30 మిల్లీయాంపియర్ల తేడా వచ్చిందంటే రెప్పపాటులో సరఫరా తెంచేస్తుంది. మామూలు ఎంసీబీ ఉందిగా అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓంలనుకుంటే, 230 వోల్టులు మనిషిలోంచి పంపేది 230 మిల్లీయాంపియర్లు. గుండె ఆగడానికి అది చాలు, ఆరు యాంపియర్ల ఎంసీబీ మాత్రం చలించదు. వైరు కాలకుండా చూడటం దాని పని, మనిషి పోకుండా చూడటం కాదు.

2024 నవంబరులో తూర్పు గోదావరి జిల్లా తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ నలుగురు యువకులు కరెంటు తగిలి చనిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు సోకి ఐదుగురు పోయారు. పైనున్న లైన్లతో వచ్చిన ఇలాంటి ప్రమాదాలను ఆర్‌సీసీబీ ఆపలేదు. దానికి మందు దూరం పాటించడం, ఊరేగింపు దారిలో లైను కట్ చేయించడం. పందిరి దీపాల విషయంలో మాత్రం ఆ చిన్న డబ్బాకు సాటి లేదు.

2025లో రాష్ట్ర ప్రభుత్వం గణేశ్ మండపాలకు ఉచిత విద్యుత్ ప్రకటించింది. మంచిదే. బిల్లు భయంతో స్తంభానికి కొక్కేలు వేశామనే సాకు దాంతో పోయింది. ఆ ఉచితానికి ఒక షరతు కలపాలి. కనెక్షన్ ఇచ్చేముందు లైన్‌మన్ ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కాలి, దీపాలన్నీ ఆరాలి. ఆరకపోతే కనెక్షన్ ఇవ్వకూడదు. ఏటా కొత్త ఆర్చీకి చందాలు దండే కమిటీలకు ఒక డబ్బా కొనడం బరువేమీ కాదు. వాన మొదలైతే, బటన్ మళ్లీ నొక్కి చూసే బాధ్యత కమిటీలో ఒకరి పేరు మీద ఉండాలి. తీగ తెగి పడితే దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోన్ చేయాల్సిందీ ఆ మనిషే.

ఇక్కడ కరెంటు పంపిణీ చేసే ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఉన్నది తిరుపతిలోనే. ఈ షరతును వచ్చే చవితికి ఈ ఊరి పందిళ్ల నుంచే అమలు చేసి చూడొచ్చు.