ముందు లెక్క.. తర్వాతే ప్యానెల్!

ఫైనలియర్ ప్రాజెక్టు బయట కొనేద్దామనుకుంటున్నారా? నేనూ అదే చేశాను. ఇంటర్వ్యూలో 'ప్యానెల్ మీద నీడ పడితే ఏమవుతుంది?' అని అడిగారు. నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు. తప్పు నాదే.

అందుకే నా సలహా: ఓ తెరచాప పడవకి సోలార్ ప్యానెల్ ఎంపిక చేయండి. కాగితం మీదే చాలు. బలిఘట్టంలో వరాహ నది ఒడ్డున అలాంటి పడవలెక్కడ అంటారా? పడవ లేకపోయినా లెక్క నేర్చుకోవచ్చు.

పడవే ఎందుకు? ఇంటి మీద ప్యానెల్ చాలకపోతే కరెంటు స్తంభం ఆదుకుంటుంది. సముద్రంలో ఆ వీల్లేదు. విశాఖ అమ్మాయి, నౌకాదళ అధికారి పి.స్వాతి సహా ఆరుగురు మహిళలు 2017 సెప్టెంబరులో ఐఎన్‌ఎస్‌వీ తరిణిలో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. అంత దూరంలో జీపీఎస్, రేడియో ఆగిపోతే?

మొదట వాడకం రాయండి. చిన్న పడవలో లైట్లు 10 వాట్లు, 10 గంటలు: 100 వాట్ అవర్లు. జీపీఎస్, రేడియో కలిపి 15 వాట్లు, 24 గంటలు: 360. మొత్తం 460. రోజుకి 4 గంటల నిండు ఎండ, 30 శాతం నష్టాలు అనుకుంటే 460ని 2.8తో భాగించాలి. సుమారు 164. అంటే 200 వాట్లు తీసుకోవచ్చు.

అసలు ప్రశ్న ఇప్పుడే. 200 వాట్లది ఒకటా, 100వి రెండా? సెల్స్ సిరీస్‌లో ఉంటాయి. తెరచాప కొయ్య నీడ కొన్నిటి మీద పడినా పవర్ బాగా పడిపోతుంది. రెండు ప్యానెళ్లు చెరోవైపు, చెరో చార్జ్ కంట్రోలర్‌తో పెడితే ఒకటి నీడలో ఉన్నా రెండోది పనిచేస్తుంది. వంగే ప్యానెళ్లు తేలికే. కానీ డెక్‌కి అతికిస్తే కింద గాలాడదు. 25 డిగ్రీలు దాటాక సెల్ ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పవర్ కోల్పోతుంది. ఉప్పుగాలి సంగతికి ఐఈసీ 61701 పరీక్ష పాసైందో చూడండి.

ఇది ఉద్యోగానికి పనికొస్తుందా? కేరళలో వైకోం దగ్గర 'ఆదిత్య' సోలార్ ఫెర్రీ 2017లోనే మొదలైంది. పీఎం సూర్యఘర్ లక్ష్యం కోటి ఇళ్లు. రేపు మీరు నర్సీపట్నంలో ఏ డాబా ఎక్కినా వాటర్ ట్యాంకు నీడ ఉండనే ఉంటుంది. కొన్న ప్రాజెక్టులో దానికి జవాబుండదు. మీరు వేసిన లెక్కలో ఉంటుంది.