ఆమ్లం తాగే రాయి

పిల్లలూ! తాడిపత్రి బండల మీద నిమ్మరసం ఒలికితే మచ్చ పడుతుంది, చూశారా? పులుపు సున్నపురాయిని తినేస్తుంది.

రాతిలోని యురేనియాన్ని కరిగించడానికి చాలాచోట్ల ఆమ్లమే వాడుతారు. కజకిస్థానులో అయితే తవ్వకమే లేదు! అక్కడ ఖనిజం నీరూరే ఇసుకరాతిలో ఉన్నది. ఒక బోరులో ఆమ్లపు నీళ్ళు దింపి, యురేనియం కరిగాక పక్కబోరులోంచి తోడేస్తారు. అచ్చం కాఫీ డికాషనే!

మరి అనంతపురానికి పొరుగున, పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో? అక్కడిది సున్నపుజాతి రాయి. పోసిన ఆమ్లమంతా రాయే తాగేస్తుంది. పైగా గట్టిది, నీళ్ళు దూరవు. అందుకని తవ్వి, పొడిచేసి, బట్టలసోడా కలిపిన నీళ్ళతో వేడిలో, ఒత్తిడిలో కరిగిస్తారు.

మిగిలిన బురదను పెద్ద మడుగులో నిలవచేస్తారు. దానివల్ల తమ బోరునీళ్ళు చెడ్డాయని 2018లో పక్కఊరి రైతులు మొరపెట్టుకున్నారు. వానలు అంతంతమాత్రమైన సీమలో బోరే కదా దిక్కు!