కోళ్లకు మందు.. మనుషులకు ముప్పు

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ కావడంతో అధికార యంత్రాంగం ఉరుకులు పరుగులు తీసింది. కోళ్ల ఫారాల్లో చడీచప్పుడు లేకుండా పెరుగుతున్న మరో ముప్పుపై అంతటి కదలిక కానరాదు. అదే మందులకు లొంగని బ్యాక్టీరియా. దీంతో కోళ్లు గుట్టలుగా చనిపోవు, కనుకనే ఎవరి దృష్టికీ రాదు.

షెడ్డులో పది కోళ్లు నలతగా కనిపిస్తే తాగునీటిలో యాంటీబయోటిక్ కలిపి వేల కోళ్లకు పట్టిస్తారు. జబ్బుపడిన కోడి నీరు సరిగా తాగదు. మందంతా ఆరోగ్యంగా ఉన్నవాటికే చేరుతుంది. జబ్బు రాకముందే, బరువు పెరగాలంటూ మేతలో కలపడం మరో తంతు. ఏళ్లతరబడి ఇలా సాగితే బలహీనమైన క్రిములు నశించి మొండివే మిగులుతాయి.

ఆసుపత్రుల్లో ఏ మందూ పనిచేయని రోగికి వైద్యులు చివరగా వాడే కొలిస్టిన్‌ కూడా ఇలాగే కోళ్ల పాలైంది. దానిని తట్టుకునే జన్యువు ఒక క్రిమి నుంచి మరో క్రిమికి పాకుతుందని 2015లో చైనాలో బయటపడింది. మన కేంద్ర ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువుల్లో దీని వాడకాన్ని 2019 జులైలో నిషేధించింది.

తప్పంతా రైతుదే అనడం సరికాదు. ఇంటిగ్రేషన్ పద్ధతిలో పిల్లలు, మేత, మందులు కంపెనీవే. షెడ్డు, శ్రమ మాత్రమే రైతువి.

బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయన్నది నిజమే. అయితే అవి కూరలోంచే రానక్కర్లేదు. దుకాణంలో కోడిని కోసే కత్తి, మొద్దు, ఈకలు ముంచే నీరు, కోసేవారి చేతులు చాలు. కోళ్ల ఎరువు పొలాలకు వెళుతుంది. గోదావరి జిల్లాల్లో నిషేధాన్ని కాదని కోడి వ్యర్థాలను చేపల చెరువులకూ తరలిస్తున్నారు. క్రిములకు ఇది మరో దారి.

మాంసంలో మందుల అవశేషాలపై ఆహార భద్రత సంస్థ 2025 ఏప్రిల్ నుంచి నిబంధనలు కఠినం చేసింది. మంచిదే. అయితే అమ్మకానికి కొద్ది రోజుల ముందు మందు ఆపితే అవశేషం కనిపించదు, మొండి క్రిమి మాత్రం కోడి పేగుల్లోనే ఉంటుంది. మాంసంతోపాటు ఫారం ఎరువు, దుకాణం మురుగునూ పరీక్షిస్తేనే దాని ఆచూకీ తెలిసేది. పశువైద్యుని చీటీ లేకుండా మందు అమ్మకం ఆగాల్సిందీ అక్కడే, ఫారం పక్క మందుల దుకాణంలో.