పిల్లలకోడికి ఎన్ని పిల్లలు?

“ఆరుండాలమ్మా. నాకు అంతా అలుక్కుపోయినట్టు కనబడుతోంది” అన్నారు మా మావయ్య, కల్లూరులో ఇంటి ముందు మంచం మీద కూర్చుని, తల పైకెత్తి. ఆయన వెతుకుతున్నది పిల్లలకోడిని. అదేనండీ, పంచాంగం భాషలో కృత్తికలు. ఒకప్పుడు మిర్చితోటకు నీళ్లు కట్టడానికి అర్ధరాత్రి లేచి, ఆ గుంపు ఎంత దూరం వాలిందో చూసి టైము చెప్పిన మనిషి! ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ మాటెత్తితే ‘పంట చేతికి రానీ’, ‘పండగ పోనీ’ అంటూ మూడేళ్లుగా వాయిదాలే. దానికి తోడు ఎదురుగా వీధి ఎల్‌ఈడీ దీపం.

“ఉండు తాతయ్యా, ఫొటో తీసి చూపిస్తా” అనేసింది ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి. 2026 సంక్రాంతి సెలవులు మాకలా మొదలయ్యాయి.

పుట్టినరోజులకు తప్ప బీరువా దిగని పాత డీఎస్‌ఎల్‌ఆర్, దాంతోపాటే వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. కొత్తగా కొన్నది ట్రైపాడ్ ఒక్కటే. మొదటి రాత్రి డాబా మీద నుంచి తీస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడలా వచ్చింది. జనవరి 18న అమావాస్య కాబట్టి చంద్రుడి బెడద లేదు. ఆ తెలుపంతా వీధి దీపాలదే.

రెండో రాత్రి సాగర్ కాలువ అవతల ఉన్న మామిడితోటకు వెళ్దామంటే మావయ్య ఓ పట్టాన ఒప్పుకోలేదు. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతారు. “చుక్కల కోసం పోయి చుక్కల్లో కలుస్తారా ఏంది?” అని కసిరి, చివరికి తనే టార్చి పట్టుకుని తెలిసిన బండిబాటన ముందు నడిచారు. మీరు కూడా రాత్రిపూట తెలియని చేలోకి దిగకండి, ఎంత మంచి ఫొటో వస్తుందన్నా సరే!

తోటలో పడమట ఖమ్మం వైపు, తూర్పున సత్తుపల్లి వైపు సన్నగా వెలుగు. నడినెత్తిన మాత్రం చిక్కటి చీకటి. ఆటోఫోకస్ ఆ చీకట్లో గిలగిల్లాడి ఊరుకుంది. దాన్ని ఆపేసి, తూర్పున ధగధగలాడుతున్న గురుగ్రహాన్ని కెమెరా తెరపై పెద్దది చేసుకుని, అది అతి చిన్న చుక్కయ్యేదాకా రింగు తిప్పాలి. బటన్ నొక్కితే వేలి అదురుకే కెమెరా కదులుతుంది కనుక రెండు సెకన్ల టైమరు పెట్టాలి. మరి షట్టరు ఎంతసేపు తెరిచి ఉంచాలి? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే చుక్కలు గీతలవుతాయి. మాలాంటి చిన్న సెన్సరు కెమెరాకి లెన్సు ఎంఎంని ఒకటిన్నరతో హెచ్చించి, దాంతో 500ను భాగిస్తే వచ్చేది సుమారుగా సెకన్లు. 18 ఎంఎంకి 18 సెకన్లు, 55కి ఆరే. లెక్కలంటే ముఖం ముడుచుకునే మా అమ్మాయి ఈ లెక్క మాత్రం వేళ్ల మీద చేసేసింది!

లెక్క కుదిరినా ఫొటో కుదరలేదు. పది దాటాక అన్నీ మసకే. ఫోకస్ పోయిందనుకుని గంటసేపు కుస్తీ పట్టాను. తీరా చూస్తే లెన్సు నిండా మంచు! మర్నాడు మా ఆవిడ బియ్యం వేడిచేసి, పొడవాటి సాక్సులో పోసి, లెన్సు చుట్టూ కట్టింది. కాసేపటికి అద్దం తేటపడింది.

ఇంటిల్లిపాదీ ఇలా ఆకాశం వెంట పడటం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంతంగా వేధశాల కట్టుకున్నారు. ఆయన తర్వాత దాన్ని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా సాగుతుంటే ఆరంగుళాల టెలిస్కోపుతో పరిశీలించారు. తర్వాతి కాలంలో అక్కడ ఆకాశాన్ని ఫొటోలు తీయడమూ సాగింది. మావగారి పిచ్చి అల్లుడికి అంటుకుందన్నమాట! మా ఇంట్లో మాత్రం అది మనవరాలి నుంచి తాతకు పాకింది.

మూడో రాత్రి ఎనిమిదింటికి పిల్లలకోడి సరిగ్గా నెత్తి మీదుంది. 55 ఎంఎం, ఐఎస్‌ఓ 3200, ఆరు సెకన్లు. టిక్కుమంది. అమ్మాయి ఫొటోని పెద్దది చేసి తాతయ్య చేతికిచ్చింది. ఆయన కెమెరాని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని వేలితో లెక్క మొదలెట్టారు. ఆరు దగ్గర ఆగలేదు. తొమ్మిది... పది... మళ్లీ మొదటికొచ్చారు.

“మా కాలంలో ఆరేనే. ఇన్ని ఎప్పుడు పొదిగింది?”

“అప్పుడూ ఉన్నాయి తాతయ్యా. మన కళ్లకు ఆనవు, అంతే.”

ఆయన కెమెరా తిరిగి ఇవ్వలేదు. టార్చి ఆర్పి చాలాసేపు నెత్తి మీదికి చూశారు, మళ్లీ తెరలోకి చూశారు. ఇంటికి నడుస్తుండగా, నావైపు తిరక్కుండానే అడిగారు.

“ఖమ్మంలో ఆ కంటి డాక్టరు ఏ వారాల్లో ఉంటాడన్నావ్?”